తుని కాఫీ డబ్బా

రోజూ తెల్లవారి అయిదున్నరకి పొన్నగరువులో రత్నమాణిక్యం పొయ్యి మీద నీళ్ళు పెట్టగానే, ఆవిడ భర్త చంద్రరావు అరుగు మీద కూర్చుని కాఫీ గింజల మర తిప్పడం మొదలెట్టేవాడు. చేతిమర అది, జానెడుంటుంది. నాలుగెకరాల కొబ్బరితోట, మూడెకరాల వరి చేయించే మనిషి పొద్దున్నే మర తిప్పడమేంటని మొదట్లో నామోషీ పడ్డాడు. తిప్పకపోతే కాఫీ లేదని తేలాక నామోషీ దానంతటదే పోయింది.

ఆ పొడిని ఫిల్టర్ పై గిన్నెలో వేసి రత్నమాణిక్యం ముందు ఒక్క గరిటెడు వేడినీళ్ళే పోసేది. పొడి బుసబుసా పొంగేది. పొంగిందంటే గింజ తాజాగా ఉన్నట్టు. అరనిమిషం ఆగి మిగతా నీళ్ళు పోసి, మూత పెట్టి, డికాషన్ దిగేదాకా వీధిలోంచి ఎవరు పిలిచినా పలికేది కాదు. కూరగాయల బండతను కూడా ఆ టైముకి వాళ్ళ గుమ్మం ముందు అరవడం మానేశాడు.

ఆవిడకి ఇది సరదాకొద్దీ పుట్టిన అలవాటు కాదు. రెండేళ్ళ క్రితం షుగరొచ్చింది. పంచదార మానమన్నాడు డాక్టరు. ముప్పై అయిదేళ్ళుగా తాగుతున్న కాఫీలోంచి పంచదార తీసేస్తే మిగిలింది చికోరీ చేదొక్కటే. మందులా మింగి, గ్లాసు పక్కన పెట్టి, గోడకేసి చూస్తూ కూర్చునేది. అది చూళ్ళేక, మేడ మీద వాటాలో అద్దెకుండే సత్యకుమారి టీచరు ఒకనాడు తన కాఫీ ఒక గ్లాసు తెచ్చిచ్చింది.

“ఇది తాగి చూడండి పిన్నిగారూ. దీనికి పంచదార అక్కర్లేదు. తునిలో ఒకమ్మాయి సొంతంగా వేయించి పంపుతుంది, ఫోన్లో ఆర్డరు పెడితే మూడోనాటికి వస్తుంది.”

రత్నమాణిక్యం నమ్మకం లేకుండానే తాగింది. మింగాక నోట్లో తీపి తేలింది, ఉసిరికాయ తిని మంచినీళ్ళు తాగినట్టు. ఆవిడకి కళ్ళనీళ్ళ పర్యంతమైంది. షుగరొచ్చిన దగ్గర్నుంచీ అందరూ అది తినకు, ఇది తాగకు అనేవాళ్ళే తప్ప, ఇదిగో ఇది నీకు అన్నవాళ్ళు లేరు.

ఆ సాయంత్రమే చంద్రరావు ఆర్డరు పెట్టాడు. ఫోన్ విషయంలో ఊళ్ళో తనని మించినవాడు లేడని ఆయన నమ్మకం. డబ్బా వచ్చింది. గుండ్రటి రేకు డబ్బా, మూత బిగువుగా ఉంది. పైన అంటించిన కాగితం మీద వేయించిన తేదీ, ‘వారం ఆగి తాగండి’ అన్న మాట, దాని కింద ‘కమలాపండు, బెల్లం, జీడిపప్పు రుచులు’ అనీ ఉన్నాయి. చంద్రరావు డబ్బా మొత్తం పళ్ళెంలో గుమ్మరించి వెతికాడు.

“జీడిపప్పేదే ఇందులో? ఒక్క పలుకన్నా వెయ్యలేదు.”

“రుచి అన్నారండీ, పప్పన్లేదు. గింజలు ఎత్తండి ముందు.”

“మరి వారం ఆగడమేంటి? తాజాదని చెప్పి మాగబెట్టుకోమంటుందేంటి?”

“ఆవకాయ పెట్టిన రోజే తింటామా ఏంటి?” అంది రత్నమాణిక్యం. ఆ కాగితంలో ఆవిడకి అర్థం కానిదంటూ ఏమీ లేదు.

డబ్బా అడుగున మేకుతో చుక్కలు చుక్కలుగా కొట్టి ఒక పేరుంది. వినీల, తుని. కొంప ముంచింది ఆ పేరే.

పొన్నగరువులో పరాయి ఇంటి గిన్నె ఖాళీగా ఉంటే మోగుతుంది. పక్కింటావిడ పులుసు పంపిన గిన్నె కడిగి బోర్లించామా, మధ్యాహ్నానికల్లా మువ్వలా సన్నగా అందుకుంటుంది. మర్నాటికి ఐస్‌ఫ్రూట్ బండి గంటంత అవుతుంది. మూడోనాటికి బడిగంటే. అందులో ఏదో ఒకటి, కాసిని కందిపప్పైనా నాలుగు వంకాయలైనా, వేసి దాన్ని సొంతింటి దారి పట్టిస్తే గానీ ఊరుకోదు. పేరు చెక్కిన గిన్నెలైతేనే సుమా. కొట్లో కొన్న సీసాలూ నూనె డబ్బాలూ ఎన్నేళ్ళున్నా మోగవు, వాటికి మనుషుల్లేరు కనక. కాపురానికొచ్చిన కోడళ్ళకి అత్తలు వంటిల్లు చూపిస్తూ, గ్యాసు ఎటు తిప్పాలో చెప్పినట్టే ఈ సంగతీ చెబుతారు. వాళ్ళూ అలాగేనండీ అంటారు.

అంచేత తుని డబ్బా నిండుకున్న రోజు మధ్యాహ్నం, అటక మీంచి టింగుమని మొదలవగానే ఇద్దరూ తలెత్తి చూశారు.

“పేరుంది కదా, మోగదూ మరి!” అన్నాడు చంద్రరావు.

రత్నమాణిక్యం డబ్బా నిండా సున్నుండలు చేసి పెట్టింది. ఇహ పంపడం ఎలాగా అన్నది వచ్చింది. చంద్రరావు కళ్ళజోడు తగిలించుకుని ఫోన్లో ఆ డబ్బా బొమ్మ పట్టుకుని అటూ ఇటూ తోశాడు. కింద ‘రిటర్న్’ అని కనబడింది. తిరిగి పంపడమే కదా మనం చేసేది, ఎంత సౌకర్యం పెట్టారో చూశావా అని మురిసిపోతూ నొక్కాడు. కారణం చెప్పమంది. వస్తువు పాడైందా, వేరేది వచ్చిందా, వద్దనుకున్నారా అని వరసగా అడిగింది. అవేవీ కావు. అట్టడుగున ‘ఇతర కారణాలు’ అని ఒక గడి ఉంటే, అందులో ‘ఖాళీగా పంపడం మా ఇంటావంటా లేదు’ అని రాశాడు. మర్నాడు కొరియరతను వచ్చి, రెండు పెసరట్లు తిని, మూడోది వద్దండీ అంటూనే తిని, డబ్బా తీసుకెళ్ళాడు.

నాలుగు రోజులకి డబ్బాకి కట్టిన డబ్బులు బ్యాంకులో వెనక్కి పడ్డాయి.

“సున్నుండలు నచ్చినట్టున్నాయే. డబ్బులు వేసేసింది,” అన్నాడు చంద్రరావు.

రత్నమాణిక్యం సిగ్గుతో చితికిపోయింది. “అయ్యో, మనం అమ్ముకున్నట్టయింది కదండీ! ఆ పిల్ల ఏమనుకుంటుందో ఏంటో. మళ్ళీ తెప్పించండి. ఈసారి కాస్త గట్టిగా పంపుదాం.”

అలా మొదలైంది. రత్నమాణిక్యం ఇంట కాఫీ తాగినవాళ్ళు తామూ తెప్పించుకున్నారు. పొద్దున పూట వీధి వీధంతా చేతిమరల గరగర. నిండుకున్న డబ్బాలు ఇంటింటా మోగడం, వాటిని జంతికలతోనో కజ్జికాయలతోనో పూతరేకులతోనో నింపడం, రిటర్న్ కొట్టడం. ఎలా కొట్టాలో చంద్రరావే పాలకేంద్రం అరుగు మీద కూర్చుని ఊరందరికీ నేర్పాడు. ‘ఇతర కారణాలు’ గడిలో ఏం రాయాలో కూడా ఆయనే చెప్పాడు. డబ్బులు వెనక్కి వచ్చినప్పుడల్లా ఊరు మరింత మొహమాటపడి మరో డబ్బా తెప్పించి మరో నాలుగు రకాలు చేసి పంపింది. మేలు మీద మేలు చేస్తున్నామన్న తృప్తితో ఊరంతా ఉబ్బిపోయింది.

మూడోసారో నాలుగోసారో వచ్చిన డబ్బాలో చేత్తో రాసిన చీటీ ఒకటి వచ్చింది. ‘దయచేసి డబ్బాలు తిరిగి పంపకండి. అవి మీకే. వినీల.’

చంద్రరావు దాన్ని పైకి చదివితే, పెరట్లో పూలు కోస్తున్న పెద్దింట్లమ్మ విని నవ్వింది. ఎనభై దాటిన మనిషి, ఆ వీధికి పెద్దదిక్కు. “వద్దంటోందా? మంచి పిల్లే. మనలో పెరిగినట్టే ఉంది.”

ఆవిడ అలా అనడంలో తప్పేం లేదు. గోదావరి గట్టున విస్తరి ముందు కూర్చుని వద్దండీ అన్నవాడికి ఇంకో గరిటె పడుతుంది. రెండు చేతులూ అడ్డం పెట్టినవాడికి వేళ్ళ సందులోంచి పడుతుంది. నిజంగా వద్దనే మాట ఒకటి ఉందని అక్కడివాళ్ళకి తోచనే తోచదు. అయినా, అడిగాం అనిపించుకోవాలని, చంద్రరావు ఆ చీటీని ఖాళీ డబ్బా ముందు పెట్టి స్పష్టంగా చదివాడు. డబ్బా మోగుతూనే ఉంది. ఆ విడత తాపేశ్వరం నుంచి కాజాలు తెప్పించి నింపారు.

వినాయక చవితి వెళ్ళిన వారానికి ఆర్డరు పెట్టబోతే ‘ఈ అమ్మకందారు ప్రస్తుతం లేరు’ అని వచ్చింది. మర్నాడూ అదే. ఊళ్ళో మిగిలిన ఆఖరి డబ్బా, వాళ్ళింట్లోదే, ఖాళీ అయి మోగడం మొదలెట్టింది. రిటర్న్ నొక్కుదామంటే ఆ మాటే ఫోన్లోంచి మాయమైంది. రత్నమాణిక్యానికి ఏదో కీడు తోచింది. డబ్బా కాగితం మీద సన్న అక్షరాల్లో ఉన్న నంబరు వెతికి ఫోన్ చేయించింది.

“వినీల గారాండీ? మేం పొన్నగరువు నుంచి...”



“పొన్నగరువా మేడమ్. చెప్పండి.”

“కాఫీ రావట్లేదమ్మా. ఒంట్లో బాగానే ఉందా?”

“బాగానే ఉన్నానండి. కొట్టు మూసేశాను.”

“అదేంటమ్మా?”

“రిటర్న్‌లు ఎక్కువయ్యాయని యాప్ వాళ్ళు నా అమ్మకం ఆపేశారండి. నూటికి రెండో మూడో అయితే ఏమీ అనరు. నాకు రెండు నెలల్లో నలభై మూడు వచ్చాయి. అన్నీ మీ ఊరివే.” గొంతులో కోపం లేదు. అదే రత్నమాణిక్యానికి భరించరానిదైంది. “సరుకు బాగోకపోతేనే జనం తిప్పి పంపుతారని వాళ్ళ లెక్కండి. జంతికలొచ్చాయని రాస్తే, పాడైన వస్తువు ఫొటో పెట్టమన్నారు. జంతికల ఫొటో పెట్టాను. మళ్ళీ జవాబు లేదు.”

“మరి ముందే చెప్పొచ్చు కదమ్మా! చీటీలో ఒక్క ముక్క...”

“అంత ప్రేమగా పంపేవాళ్ళకి ‘మీరు నన్ను ముంచుతున్నారు’ అని ఎలా రాస్తానండి?”

ఈ గురువారం కాకినాడ నుంచి ఒకాయన వచ్చి గింజలు వేయించే మెషీన్ కొనుక్కుని వెళ్తాడనీ, ఆయనకి వేరుశనగ గుళ్ళు వేయించుకోవడానికి కావాలనీ కూడా చెప్పింది వినీల. ఫోన్ పెట్టేశాక రత్నమాణిక్యానికి తల కొట్టేసినట్టయింది. ఎవరి నోటి ముందైనా పళ్ళెం లాగేస్తే ఆ పాపం ఎటూ పోదని వాళ్ళమ్మ చెప్పేది. లాగేసింది తనే, అదీ సున్నుండలు పెట్టి మరీ. చంద్రరావు పాలకేంద్రం అరుగు మీదికి రెండు రోజులు వెళ్ళలేదు. యాప్ వాళ్ళకి ఫోన్ చేసి గంటన్నర సేపు, ఒకటి నొక్కండి రెండు నొక్కండి అన్న గొంతుతో వాదించి, చివరికి ఆ గొంతుకే దణ్ణం పెట్టి వదిలేశాడు.

సోమవారం పొద్దున్న ఇద్దరూ రాజమండ్రి వెళ్ళి తుని రైలెక్కారు. రత్నమాణిక్యం ఒళ్ళో వినీల డబ్బా ఉంది, నిండా సున్నుండలు. ఇంటి దారి పట్టింది కనక డబ్బా నోరు మూసుకుని కూర్చుంది. పక్కన మూడు గిన్నెల స్టీలు క్యారేజీ, దాని మీద ఆవిడ పేరు చెక్కి ఉంది. కొబ్బరన్నం, గుత్తివంకాయ, పెరుగు పెట్టి తెచ్చింది. తప్పు ఒప్పుకోవడానికి ఖాళీ చేతుల్తో వెళ్ళడం ఆవిడకి తెలీదు.

తునిలో బాప్టిస్టు చర్చి వెనక సందులో వినీల ఇల్లు. ముందు గదే కార్ఖానా. మధ్యలో నల్లటి మెషీన్, పెళ్ళిళ్ళ డ్రమ్మంత ఉంది. గోడకి ఆనించి పచ్చి గింజల బస్తాలు రెండు. వినీలకి ముప్పై ఉంటాయేమో, బక్కపలచని మనిషి, ముంజేతి మీద కాలిన మచ్చలున్నాయి. వాళ్ళమ్మ రూతు, ఆస్పత్రిలో ఆయాగా చేసి రిటైరైన మనిషి, కుర్చీలు తుడిచి వేసింది.

“తప్పయిపోయిందమ్మా,” అంది రత్నమాణిక్యం గుమ్మంలోంచే. అక్కడే ఏడ్చేసింది.

“అయ్యయ్యో, ఊరుకోండి ఆంటీ,” వినీలే ఆవిడని లోపలికి నడిపించింది. “మీ సున్నుండలు మొదటిసారి వచ్చినప్పుడు మా అమ్మ కూడా ఏడ్చింది. ఎవరో తెలియనివాళ్ళు మనకి వండి పంపారే అని.”

“జంతికలు చర్చిలో అందరికీ పంచామండి,” అంది రూతు. “ఆ కాజాలైతే పాస్టరుగారు మళ్ళీ అడిగారు.”

చంద్రరావు నేలకేసి చూస్తూ కూర్చున్నాడు. ఊరుకోలేక, మెషీన్ ఎలా తిరుగుతుందమ్మా అని అడిగాడు. దాని గురించి చెబుతుంటే వినీల మొహం మారింది. ఆరేళ్ళు మన్యం కొండల మీద ఒక కాఫీ కంపెనీలో వేయించడం నేర్చుకుంది. దాచుకున్నదంతా పెట్టి ఈ పాత మెషీన్ కొంది. చింతపల్లి పైనున్న ఊళ్ళ గింజలు నర్సీపట్నం మీదుగా దింపుకుంటుంది. గింజ లోపల చిటుక్కుమంటుందట. ఆ చిటుకు తర్వాత ఎన్ని నిమిషాలుంచాలో గడియారం చూసి కాదు, చెవి పెట్టి చెబుతుందట.

“మరి అమ్మేస్తున్నావేంటమ్మా, ఇంత తెలిసినదానివి?” అంది రత్నమాణిక్యం. “యాప్ లేకపోతే పోయె. మేమున్నాం కదా. మాకు నేరుగా పంపు.”

వినీల తల అడ్డంగా ఊపింది. “ఎన్నాళ్ళు గుర్తుంచుకుంటారు ఆంటీ? యాప్‌లో అయితే రోజూ ఎదురుగా కనబడతాను. ఫోన్ చేసి అడగాలంటే ఇవాళ కాదు రేపు అనుకుంటారు. నాలుగు నెలలకి అందరూ పాత పొడికి వెళ్ళిపోతారు. అంతదాకా నేను మెషీన్ ముందు కూర్చుని ఎదురుచూడలేను. మనసు విరిగిపోయిందండి. గురువారం ఆయన బండి తెస్తానన్నాడు, ఇచ్చేస్తాను. హైదరాబాదులో మా పెద్దమ్మ కూతురు ఏదో ఉద్యోగం చూస్తానంది.”

రత్నమాణిక్యం క్యారేజీ విప్పి వడ్డించింది. నలుగురూ కొబ్బరన్నం తిన్నారు. రూతు క్యారేజీ కడిగి, తుడిచి, “ఖాళీగా ఎలా ఇస్తాం వదినగారూ, ఉండండి, దొడ్లో అరటిగెల పండింది,” అంటూ కత్తి తీసుకుని వెనక్కి వెళ్ళింది. కడిగిన మూడు గిన్నెలూ బల్ల మీద వరసగా ఉన్నాయి. రత్నమాణిక్యం వాటికేసి చూసింది. మెషీన్ కేసి చూసింది. చటుక్కున లేచి నిలబడింది.

“రైలు టైమైపోయింది, లేవండి.”

“ఇంకా గంటుంది కదే?”

“లేవండి అంటే!”

సందు చివరకొచ్చి ఆటో ఎక్కాక గాని చంద్రరావుకి ఆవిడ చేతులు ఖాళీగా ఉన్న సంగతి తట్టలేదు.

“క్యారేజీ ఏదే?”

“మర్చిపోయాను.”

“నువ్వా? ముప్పై ఏళ్ళలో ఎక్కడా చెంచా మర్చిపోలేదు నువ్వు.”

ఆవిడ మొహం తిప్పుకుంది. ఆయనకి విషయం అర్థమై మొహం పాలిపోయింది. పొన్నగరువులో పరాయి గిన్నె ఉంచుకోవడం పొరపాటంటారు. తన గిన్నెని కావాలని ఒకరింట్లో వదిలి రావడం మాత్రం పొరపాటు కాదు, దుర్మార్గం. అది ఎదుటివాళ్ళ మెడకి తాడు కట్టి కొస చేత్తో పట్టుకోవడమే. శత్రువుల మధ్య కూడా ఆ పని ఎవరూ చెయ్యరు.

“తప్పు కదే,” అన్నాడు రైలెక్కాక.

“తప్పే. తెలిసే చేశాను,” అంది రత్నమాణిక్యం. ఆవిడ చెంపలు తడిగా ఉన్నాయి. “ఇంకెలా ఆపమంటారు ఆ పిల్లని?”

అన్నవరం కొండ కనబడితే ఇద్దరూ దణ్ణం పెట్టుకున్నారు. ఏం కోరుకున్నారో ఒకరినొకరు అడగలేదు.

ఊరి గిన్నె ఊరు దాటి పరాయి ఊళ్ళో మోగుతుందో లేదో ఎవరికీ తెలీదు. ఎవరూ ఎప్పుడూ వదిలి చూడలేదు కదా. మంగళవారం ఉలుకూ పలుకూ లేదు. బుధవారం లేదు. రత్నమాణిక్యం పాత పొడితో కాఫీ కలుపుకుని, సగం తాగి, పారబోసింది. గురువారం మధ్యాహ్నం దాకా ఫోన్ పక్కనే కూర్చుంది. ఈపాటికి బండి వచ్చి ఉంటుంది, ఈపాటికి మెషీన్ ఎక్కించి ఉంటారు అనుకుంటూ. మూడింటికి ఫోన్ మోగింది. ఎత్తగానే ముందు వినబడింది వినీల గొంతు కాదు. దాని వెనక నుంచి, మూడు గిన్నెలు మూడు శ్రుతుల్లో, బడి వదిలినట్టు గణగణ.

“ఆంటీ, మీ క్యారేజీ,” వినీల అరుస్తోంది, “మీరెళ్ళిన సాయంత్రం నుంచీ ఇదేనండి. అమ్మ అరటిపళ్ళు పెట్టింది, ఆగలేదు.”

“ఆగదమ్మా. నింపి, దాని ఇంటికి బయల్దేరదీస్తే గానీ ఆగదు. మా ఊరి గిన్నెలంతే.”

“ఓహో,” అంది వినీల. అడగాల్సిందంతా అడిగేసినట్టే ఉంది ఆ ఓహో. “కాకినాడాయన వచ్చాడండి. ఈ మోతలో ఆయన చెప్పేది నాకూ, నేను చెప్పేది ఆయనకీ వినబడలేదు. వీధిలోకెళ్ళినా మోతే వినబడింది. సోమవారం వస్తానని వెళ్ళిపోయాడు. సరే, ఎలాగూ తేవాలి. అరటిపళ్ళు పెట్టి తెస్తే దారిలో నలిగిపోతాయి. ఇంట్లో గింజలు తప్ప ఏమున్నాయండి? మెషీన్ అంటిస్తున్నాను.”

రత్నమాణిక్యం ఫోన్ చెవికి ఆనించుకునే ఉంది. అవతల మెషీన్ తిరగడం, గింజలు జల్లుమనడం వినబడ్డాయి. కాసేపటికి చిటుక్కుమని ఒకటి, వెంటనే పది. ఆ శబ్దానికే గిన్నెల మోత కాస్త తగ్గినట్టనిపించింది. వినీల ఫోన్ సంగతి మర్చిపోయి, “ఇప్పుడు... ఇంకొక్కటి... ఇప్పుడు,” అని తనలో తను అనుకోవడం కూడా వినబడింది. 

శనివారం పది గంటల బస్సుకి వినీల దిగింది. చేతిలో క్యారేజీ, మూడు గిన్నెల నిండా నల్లగా మెరిసే గింజలు. వీధి పొడుగునా ఆ వాసన పాకి జనం గుమ్మాల్లోకొచ్చారు. రత్నమాణిక్యం గింజలు జాడీలోకి వంపుకుంది. వారం ఆగాలి కనక పొయ్యి వెలిగించలేదు, నిమ్మరసమిచ్చింది. పెద్దింట్లమ్మ కర్ర పోటేసుకుంటూ వచ్చి అరుగు మీద కూర్చుంది.

“సరేనండి ఆంటీ,” అంది వినీల, గ్లాసు కింద పెట్టి. “నా డబ్బా మీరిచ్చారు, మీ క్యారేజీ నేనిచ్చాను. సరికి సరి అయిపోయింది. ఇంక మోగేది ఏమీ లేదు కదా?”

లేదు. అదే రత్నమాణిక్యానికి దిగులు. సరికి సరి అయిందంటే ఇంక రాకపోకలు లేనట్టే. సోమవారం బండి వస్తుంది.

ఆవిడ లోపలికెళ్ళి క్యారేజీ చింతపండు పెట్టి తోమింది. పైటకొంగుతో తడి లేకుండా తుడిచింది. గిన్నె మీద గిన్నె పెట్టి కొక్కెం బిగించి, తెచ్చి వినీల చేతిలో పెట్టింది.  పుట్టి బుద్ధెరిగాక ఖాళీ గిన్నె గడప దాటించలేదు ఆవిడ.

“ఇది మీదేగా ఆంటీ?”

“నాదే. పేరు చూడు.”

“ఖాళీగా ఇస్తున్నారు?”

“నిండుగా ఇస్తే తిని ఊరుకుంటావు,” అంది రత్నమాణిక్యం.

చంద్రరావు గోడకేసి తిరిగి కళ్ళజోడు తుడుచుకున్నాడు. వినీల ఆ పేరు మీద వేలు పెట్టి, కదలకుండా నిలబడింది. ఈలోగా పెద్దింట్లమ్మ లేచి ఎదురింట్లోకి వెళ్ళి, చంకలో ఒక స్టీలు బిందె పెట్టుకుని వచ్చింది.

“అవ్వా, బిందెడు కాఫీయా?” అంది వినీల.

“మనవరాళ్ళు ఆరుగురు. అమలాపురంలో ఇద్దరు, యానాంలో ఒకర్తె, కాకినాడలో మిగతావాళ్ళు. అందరికీ నేనే పంపాలి. వాళ్ళకీ గిన్నెలిస్తానులే, నా పేరు చెక్కినవే.”

వినీల బిందె తిప్పి పేరు చదివింది, రిటర్న్ పార్సిలు మీద చూసిన పేరే. “పెద్దింట్లమ్మ. అంటే... పాకుండలు మీవేనా?”

“నావే. పాకం ముదిరింది ఆ రోజు.”

“ఏం ముదరలేదు,” అంది వినీల. అంతసేపూ గట్టిగా ఉన్న పిల్ల అప్పుడు ఏడ్చింది.

ఒక్కొక్కరే వచ్చారు. గిన్నె, తపేలా, టిఫిన్ డబ్బా, పాల క్యాను. ఇచ్చే ప్రతివాళ్ళూ ఏదో తప్పుపని చేస్తున్నట్టు అటూ ఇటూ చూసి, ఖాళీగా ఇచ్చి, గబగబా వెళ్ళిపోయారు. వినీల ప్రతి గిన్నె మీది పేరూ చదివి, “కజ్జికాయలు,” “పూతరేకులు, ఒకటి విరిగింది,” “మీరా! కారప్పూస,” అంటూ గుర్తుపట్టింది. చంద్రరావు రెండు గోనెసంచులు తెచ్చి సర్దాడు. మోసుకెళ్ళి బస్సెక్కించింది కూడా ఆయనే.

బస్సు కదలబోతుండగా సంచుల్లోంచి సన్నగా అందుకుంది, ముందు ఒకటి, దాని వెనక ఇంకొకటి. కిందనుంచి రత్నమాణిక్యం కిటికీ ఊచ పట్టుకుని విన్నది. తన క్యారేజీ గొంతు వేరే తెలుస్తూనే ఉంది. కండక్టరు వెనక్కి తిరిగి చూశాడు.

“ఏంటమ్మా ఆ మోత? ఆడవాళ్ళకి టికెట్టు లేదు గానీ, ఇంత సామానుకి లగేజీ కొట్టాలి. ఏమున్నాయి అందులో?”

“ఆర్డర్లండి,” అంది వినీల, ఆధార్ కార్డు తీసి చూపిస్తూ.